కువైట్‌లో బండి తగిలితే: మఖ్ఫర్ (పోలీస్ స్టేషన్) పని ఏది, సేటు పని ఏది, ఎంబసీ పని ఏది?

పాత కడప జిల్లాలో, అందులోనూ రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి వైపు, కువైట్ నుంచి వచ్చే ఫోన్లలో ఒక రకం ఫోనంటే అందరికీ భయం. "మామా, బండి తగిలింది. మఖ్ఫర్‌లో కూర్చోబెట్టినారు. పోలీసోళ్లు నా మాట ఇనడం ల్యా. సేటు ఫోనెత్తడం ల్యా." ఇంతే. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఏజెంటుకు ఫోన్ చేస్తారు, కువైట్‌లోనే ఉన్న బామ్మర్దికి చేస్తారు, కాస్త పలుకుబడి ఉన్న ప్రతి మనిషికీ చేస్తారు. ఒకరు దియా, అంటే రక్తధనం, కట్టాల్సిందే అంటారు. ఇంకొకరు బీమా ఉంటుంది, ఏం కాదు అంటారు. మూడో ఆయన ఎంబసీకి మెయిల్ పెట్టండి, వాళ్లే విడిపిస్తారు అంటాడు.

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ముగ్గురూ మూడు వేర్వేరు తలుపుల గురించి చెబుతున్నారు. యాక్సిడెంట్ అయ్యాక తప్పు ఎవరిదో రాసేది పోలీసు, శిక్ష తేల్చేది కోర్టు, డబ్బు కట్టేది ఎక్కువ సందర్భాల్లో బీమా కంపెనీ. "పోలీసులు ఏమీ సాయం చేయలేదు" అని ఎవరైనా చెప్పినప్పుడు, వాళ్లడిగిన సాయం అసలు ఏ తలుపు దగ్గర దొరికేదో ముందు చూడాలి. కొన్నిసార్లు పోలీసు నిజంగానే ముఖం తిప్పుకొని ఉంటాడు. చాలాసార్లు మనవాడే తన చేతిలో లేని పనిని ఆయన్ని అడిగి ఉంటాడు.

గల్ఫ్ మాటలకు మన అర్థాలు

కువైట్ నుంచి వచ్చినవాళ్ల మాటల్లో అరబ్బీ దొర్లుతూ ఉంటుంది. సగం అర్థం కాకపోయినా తలాడించేవాళ్లే ఎక్కువ. మఖ్ఫర్ అంటే పోలీస్ స్టేషన్. మురూర్ అంటే ట్రాఫిక్ శాఖ. అకామా అంటే ఆ దేశంలో ఉండడానికి అనుమతి, బతాకా అంటే గుర్తింపు కార్డు. దఫ్తర్ అంటే మన ఆర్సీ. తామీన్ అంటే బీమా. కఫీల్ అంటే వీసాకు పూచీపడిన యజమాని. మనవాళ్ల నోట్లో ఆయన ఎప్పుడూ సేటే.

వీసాల్లో రెండు తరచుగా వినబడతాయి. ఇంటి పనికి పోయేవాళ్లది ఖాదిం వీసా, కాగితాల్లో అది 20వ ఆర్టికల్. కంపెనీ పనికి పోయేవాళ్లది షూన్ వీసా, అంటే 18వ ఆర్టికల్. యాక్సిడెంట్ విషయంలో ఈ తేడా చిన్నది కాదు. కంపెనీలకు ఆఫీసుల చుట్టూ తిరగడానికి మందూబ్ అనే మనిషి ఉంటాడు. డ్రైవర్ ఇరుక్కుంటే కాగితాలు పట్టుకొని ఆయన వస్తాడు. ఇంటి డ్రైవర్‌కు మాత్రం సేటు ఒక్కడే దిక్కు. మంచివాడైతే అరగంటలో వచ్చి పక్కన నిలబడతాడు. కాకపోతే ఫోనెత్తడు. బండి ఆయన పేరు మీద, బీమా ఆయన పేరు మీద. స్టీరింగ్ మాత్రమే మనవాడి చేతిలో.

పోలీసు రాసేది తప్పు ఎవరిదని, నష్టం ఎంతని కాదు

కడప ఏడు రోడ్ల దగ్గర ఒక బైకు కారుకు రాసుకుందనుకుందాం. పదిమంది చేరతారు, ఇద్దరు పెద్దమనుషులు మధ్యలోకి వస్తారు, రెండు వేలో మూడు వేలో చేతులు మారతాయి, ఎవరి దారిన వాళ్లు పోతారు. పెద్ద దెబ్బ తగిలితేనే స్టేషన్. అక్కడ ఎఫ్ఐఆర్ రాస్తే భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంగా నడిపినందుకు 281, గాయాలైతే 125, ప్రాణం పోతే 106 సెక్షన్లు పడతాయి. పరిహారం సంగతి విడిగా, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఏళ్లకేళ్లు నడుస్తుంది.

గల్ఫ్‌లో డోరు మీద గీత పడినా కాగితం పుట్టాలి. దుబాయ్‌లో పోలీసు రిపోర్టు లేనిదే డెంటు తీయడానికి గ్యారేజీవాళ్లు బండిని ముట్టుకోరు. తప్పు ఉన్నవాడికి ఎర్ర కాగితం, లేనివాడికి పచ్చ కాగితం అని అక్కడ ఒక లెక్క. ఎర్రదో పచ్చదో తెలిస్తే చాలు, ఎవరి బీమా ఎవరికి కట్టాలో బీమా ఆఫీసులో ఇక అడగరు.

సౌదీలో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఎవరికీ గాయాలు కాకుండా, రెండు బండ్లకూ బీమా ఉంటే పోలీసుకు బదులు నజ్మ్ అనే సంస్థ మనిషి వచ్చి తప్పును శాతాల్లో పంచుతాడు. ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు రియాద్‌లో బండి తగిలించుకున్నాడనుకుందాం. తప్పులో 25 శాతం ఇతనిది, 75 శాతం అవతలివాడిది అని తేలింది. ఇతని బండికి 8,000 రియాళ్ల నష్టం, అవతలి బండికి 12,000. అవతలివాడి బీమా ఇతనికి 6,000 ఇస్తుంది. ఇతని బీమా అవతలివాడికి 3,000 ఇస్తుంది. మిగిలిన 2,000 రియాళ్లు, ఇతనిది ఉత్త థర్డ్ పార్టీ బీమా (అవతలివాళ్ల నష్టానికి మాత్రమే కట్టేది) అయితే, జేబులోంచే. ఈ లెక్కలో పోలీసు చేయి ఎక్కడా పడలేదు. అయినా మనవాడు స్టేషన్‌కు పోయి "నా రెండు వేలు ఇప్పించండి" అంటే అక్కడివాళ్లు తామీన్‌కు పొమ్మంటారు. ఇంటికి వచ్చే ఫోన్‌లో మాత్రం అది "పోలీసులు తరిమేశారు" అవుతుంది.

మన ఏడు రోడ్ల పద్ధతిని అక్కడ పాటించి దెబ్బతిన్నవాళ్ల కథలు కువైట్ గదుల్లో చాలా తిరుగుతుంటాయి. నలభై దినార్లు చేతిలో పెట్టి, సారీ చెప్పి వెళ్లిపోతారు. సాయంత్రానికి మెడ నొప్పి అంటూ అవతలివాడు మఖ్ఫర్‌కు పోతాడు. చేతిలో కాగితం లేదు కాబట్టి ఇప్పుడది గుద్ది పారిపోయిన కేసు. డబ్బు ఇచ్చినట్టు రుజువు ఉన్నా, అదే తప్పు ఒప్పుకున్నట్టుగా కనబడే ప్రమాదం ఉంది.

జరిమానాలది మరో లెక్క. కువైట్ కొత్త ట్రాఫిక్ చట్టం 2025 ఏప్రిల్ 22 నుంచి అమల్లోకి వచ్చింది. ఫోన్ పట్టుకొని నడిపితే 75 దినార్లు, బెల్టు లేకపోతే 30, ఎర్ర లైటు దాటితే 150. నెలకు నూటిరవై దినార్ల జీతగాడికి ఒక్క ఎర్ర లైటు అంటే నెల జీతం పోను ఇంకా బాకీ. కానీ ఇవి రోడ్డు నియమాలు తప్పినందుకు ప్రభుత్వానికి కట్టే డబ్బులు. ఎవరికైనా దెబ్బ తగిలితే జరిమానా కట్టినంత మాత్రాన కేసు తీరదు. "ఫైన్ కట్టేసినా కదా, ఇంకా కేసేంది?" అనే ప్రశ్న పుట్టేది ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే.

అరబ్బీలో ఉన్న కాగితం

అసలు చిక్కు భాష. వాంగ్మూలం అరబ్బీలో రాస్తారు, సంతకమో వేలిముద్రో అడుగుతారు. కోర్టు దాకా పోతే దుబాసీ ఉంటాడు. స్టేషన్‌లో రాత్రి రెండు గంటలకు ఎవరు దొరికితే వాళ్లే దుబాసీ. హిందీ ముక్కలు తెలిసిన కానిస్టేబుల్ కావచ్చు, అవతలి పార్టీ మనిషే కావచ్చు. "నేను బ్రేకు వేసినా గానీ ఆగలేదు" అన్న మాట కాగితం మీదికి "ఆపలేకపోయాను" అని ఎక్కితే అర్థం ఎంత మారిందో చూడండి. మొదటిదాంట్లో తప్పు బండిది, రెండోదాంట్లో డ్రైవర్‌ది.

ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో ఊరికి చేరుతుంది. మా వైపు జరిగే తంతు ఏమిటంటే, దాన్ని తీసుకొని మసీదులో హజ్రత్ దగ్గరికి పరుగెత్తుతారు. ఆయన అరబ్బీ చదవగలడు, కానీ అది ఖురాన్ అరబ్బీ. పోలీసు శాఖ రాసే అరబ్బీ వేరే లోకం. ఆయన మొహమాటపడుతూ "యాక్సిడెంట్ అని ఉంది, తారీఖు ఉంది" అని చెప్పి పంపిస్తాడు. తప్పు ఎవరిదని రాశారో ఆ ఒక్క ముక్క మాత్రం తెలియకుండానే మిగిలిపోతుంది.

పక్షపాతం ఉందా, లేదా?

తిరిగొచ్చిన డ్రైవర్లను అడిగితే రెండు మాటలూ వినబడతాయి. మొదటి మాట: అవతల కువైటీ ఉంటే మనది ఎప్పుడూ తప్పే. సేటు తన మనుషులతో మాట్లాడుకుంటాడు, మనల్ని ఓ మూల నిలబెడతారు, ఏమడిగినా బుక్రా, అంటే రేపు. ఈ మాటను ఊరికే కొట్టిపారేయలేం. అకామా సేటు చేతిలో ఉన్నప్పుడు, డ్రైవర్ పారిపోయాడని ఆయన కేసు పెడితే బతుకే తలకిందులయ్యేటప్పుడు, స్టేషన్‌లో డ్రైవర్ గొంతు ఎంత పైకి లేస్తుంది? 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. అయినా చాలామంది పాస్‌పోర్టు సేటు బీరువాలోనే ఉంటుంది.

రెండో మాట చెప్పేవాళ్లు కూడా అబద్ధాలాడటం లేదు. వాళ్లు కెమెరాల గురించి చెబుతారు. రోడ్డు మీద ప్రతి మలుపూ రికార్డవుతుంటే ఎవరి లేనులోకి ఎవరు వచ్చారో నోటి మాట మీద తేల్చాల్సిన అవసరం తగ్గింది, కువైటీదే తప్పని రాసిన రిపోర్టులు మేం చూశాం అంటారు. లంచం అడగరు, మన దగ్గర కంటే నయం అని కూడా కొందరంటారు.

నా లెక్కలో రెండూ పొసగని మాటలేమీ కావు. ఎవరు ఎవరిని గుద్దారనేది కెమెరా చెప్పగలదు. ఆ తర్వాత ఎవరిని ఇంటికి పంపాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరి ఫోన్ లాక్కోవాలి అనేది కెమెరా చెప్పదు. పక్షపాతం దూరేది ఎక్కువగా ఆ సందులోనే. పూచీ ఇచ్చే స్థానికుడు ఉన్నవాడు బయటికి వస్తాడు, లేనివాడు లోపల ఉంటాడు.

దియా: హక్ ఖాస్, హక్ ఆమ్

ప్రాణం పోయిన కేసుల్లో అందరి నోటా వచ్చే మాట దియా. రక్తధనం అని పత్రికల్లో రాస్తారు. ఒకరి వల్ల ఇంకొకరి ప్రాణం పోతే చనిపోయినవాళ్ల వారసులకు చెల్లించాల్సిన మొత్తం ఇది. యూఏఈలో 2,00,000 దిర్హాములు. సౌదీలో పొరపాటున జరిగిన మరణానికి 3,00,000 రియాళ్లు.

దీన్ని అర్థం చేసుకోవడానికి రెండు మాటలు చాలు, కడపలో ఉర్దూ విని పెరిగినవాళ్లకు అవి కొత్తవీ కావు. హక్ ఖాస్ అంటే బాధితుల సొంత హక్కు. హక్ ఆమ్ అంటే సమాజం తరఫున ప్రభుత్వానికి ఉన్న హక్కు. దియా పుచ్చుకున్నా, డబ్బు వద్దని క్షమించినా, వారసులు వదులుకునేది హక్ ఖాస్‌ను మాత్రమే. నిర్లక్ష్యంగా నడిపినందుకు జైలా, జరిమానానా, లైసెన్సు రద్దా అనేది హక్ ఆమ్ కింద మిగిలే ఉంటుంది. కుటుంబం క్షమాపత్రం రాసిచ్చాక కూడా మనిషి విడుదల కాలేదని ఇళ్లల్లో తల పట్టుకునేది ఇక్కడే. క్షమిస్తే శిక్ష తగ్గే అవకాశం చాలా ఉంటుంది, కానీ కేసు దానంతటదే మాయం కాదు.

దియా మీద అభిప్రాయాలు రెండుగా చీలతాయి. ప్రాణానికి రేటు కట్టడమేమిటి, డబ్బున్నవాడు బయటపడతాడు, లేనివాడు జైల్లో మగ్గుతాడు అనేది ఒక వాదన. మన ట్రిబ్యునల్‌లో వయసు, జీతం లెక్కగట్టి ఇచ్చేది మాత్రం ఏమిటి, అక్కడ కూలివాడికైనా ఇంజనీరుకైనా ఒకే మొత్తం రావడమే న్యాయం కాదా అనేది ఇంకో వాదన. రెండో వాదనలో పస ఉంది. అయితే అందరికీ ఒకే మొత్తం అనే నియమం అన్ని దేశాల్లోనూ లేదు.

బీమా వెనక్కి అడిగే రోజు

రోడ్డు ప్రమాదాల్లో దియాను సాధారణంగా బండి థర్డ్ పార్టీ బీమాయే కడుతుంది. ఈ ముక్క తెలియక, చందాలు పోగు చేయడానికి ఊళ్లో తిరిగిన కుటుంబాలున్నాయి. కానీ బీమా కట్టిన తర్వాత అదే డబ్బు డ్రైవర్ దగ్గర వసూలు చేసుకునే సందర్భాలూ ఉన్నాయి: లైసెన్సు లేకుండా నడిపితే, ఆ రకం బండికి చెల్లని లైసెన్సుతో నడిపితే, తాగి నడిపితే.

రాజంపేట మనిషి ఒకడు తోట పనికని ఖాదిం వీసా మీద పోయాడనుకుందాం. మేడం పిల్లల్ని బడిలో దింపి రమ్మంది. లైసెన్సు లేదన్నాడు, పక్క సందులోనే కదా అంది. ఆ సందులోనే ఒకరికి బండి తగిలింది. బాధితుడికి బీమా డబ్బు అందుతుంది. ఆ తర్వాత బీమా కంపెనీ ఎవరి మీద పడుతుంది? బండి యజమాని, డ్రైవర్ ఇద్దరి పేర్లూ కాగితంలో ఉంటాయి. పనిలో ఉండగా పనివాడు చేసిన నష్టానికి యజమాని కూడా బాధ్యుడనే సూత్రం కువైట్, యూఏఈ సివిల్ చట్టాల్లోనూ ఉంది. కానీ మేడమే నడపమంది అని రుజువు చేసుకోవాల్సింది మనవాడే. వాట్సాప్‌లో వచ్చిన ఒక్క వాయిస్ మెసేజ్ కూడా ఇలాంటప్పుడు సాక్ష్యం అవుతుంది.

కేసు తేలేదాకా దేశం దాటకుండా నిషేధం పడవచ్చు. ఈలోగా అకామా గడువు అయిపోతే అదింకో తలనొప్పి. తప్పు చిన్నదైనా మనిషి నెలల తరబడి అక్కడే ఇరుక్కునేది ఎక్కువగా ఇలాగే.

ఎంబసీ చేయగలిగేది, చేయలేనిది

విదేశీయుణ్ణి నిర్బంధిస్తే అతని దేశపు కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా తెలపాలని 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ ఆర్టికల్ చెబుతుంది. కాన్సులర్ అధికారి వచ్చి చూడవచ్చు, మాట్లాడవచ్చు, లాయర్‌ను ఏర్పాటు చేయవచ్చు. అయితే ఆ ఆర్టికల్‌లో చిన్న మెలిక ఉంది. పట్టుబడినవాడు అడిగితేనే తెలపాలి. అడగొచ్చని అతనికి పోలీసులే చెప్పాలని కూడా అందులో ఉంది, కానీ ఎవరూ చెప్పకపోతే తెలియనివాడు ఎలా అడుగుతాడు?

ఎంబసీ విడిపిస్తుందనే ఆశ మాత్రం అందని మాట. అక్కడి కోర్టులో మన రాయబారి తీర్పు మార్చలేడు, కడప కోర్టులో కువైట్ రాయబారి మార్చలేనట్టే. మరి ఎంబసీ వల్ల ఏమీ కాదా? అదీ నిజం కాదు. మనిషి ఏ స్టేషన్‌లో ఉన్నాడో కనుక్కోవడం, సేటును పిలిపించి మాట్లాడటం, కాగితాలు అనువాదం చేయించే దారి చెప్పడం, చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లకు భారతీయ సంక్షేమ నిధి నుంచి సాయం చేయడం, ఇవి చేస్తుంది. 2015లో మొదలైన, మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే దానికి ఒక నంబరు వస్తుంది. ఫోన్లో చెప్పిన మాటకు నంబరు ఉండదు, అడిగేవాడూ ఉండడు. సుమారు పది లక్షల మంది భారతీయులున్న కువైట్‌లో ఎంబసీ సిబ్బంది ఎంతమందని అందరినీ చూస్తారు అనే ప్రశ్న కూడా న్యాయమైనదే.

అమెరికాలో కథ వేరు

ఈ మధ్య ఇదే ఫిర్యాదు డాలస్ నుంచీ వస్తోంది: పోలీసులకు ఫోన్ చేస్తే రాలేదు. అక్కడ చాలా ఊళ్లలో గాయాలు లేకపోతే, దారికి అడ్డం లేకపోతే పోలీసు రాకపోవడం మామూలే. ఇద్దరూ బీమా వివరాలు ఇచ్చిపుచ్చుకొని పోవాలి. టెక్సాస్‌లో తప్పు చేసినవాడి బీమా కడుతుంది, కనీస బీమాలో ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్ల దాకా. న్యూజెర్సీలో తప్పు ఎవరిదైనా మీ వైద్యం ఖర్చుకు మొదట మీ బీమాయే. గల్ఫ్‌లో పోలీసు కాగితం లేకుండా ఏదీ కదలదు, అమెరికాలో అది లేకుండానే చాలా కదిలిపోతాయి. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికిరాదు.

కడపలో కూర్చొని ఏది నడుస్తుంది, ఏది నడవదు

ఇంట్లోవాళ్లకు మొదట తట్టేది ఇక్కడి స్టేషన్. జీరో ఎఫ్ఐఆర్ అని టీవీలో విన్నారు కదా, ఎక్కడైనా ఇవ్వొచ్చు కదా అని పోతారు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద ఇచ్చే ఆ ఎఫ్ఐఆర్ మన దేశంలో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు బదిలీ అవుతుంది. కువైట్ మఖ్ఫర్‌కు కాదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ కూడా అంతే. మనం ఉండే ఊళ్లోనే దావా వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది గానీ, ఆ చట్టమే ఇండియా రోడ్ల వరకు.

ఇక్కడి నుంచి నడిచేది బీమా. ప్రవాసీ భారతీయ బీమా యోజన 2003లో మొదలైంది, 2017లో మార్చారు. ప్రమాదంలో చనిపోయినా, పనికి పనికిరాకుండా శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. సేటు మారినా చెల్లుతుంది. ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో, అంటే విదేశీ పనికి పోయే ముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతితో, పోయేవాళ్లకు ఇది తప్పనిసరి. ఇందులో ఒక విచిత్రం ఉంది. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు ఆ క్లియరెన్సు అక్కర్లేదు, కాబట్టి బీమా కూడా ఎవరూ బలవంతం చేయరు. తొమ్మిదితో బడి మానేసిన తమ్ముడికి 10 లక్షల రక్షణ ఉంటుంది, చదువుకున్న అన్నకు ఉండదు. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకున్నవాళ్లదీ అదే పరిస్థితి.

చనిపోయిన సందర్భంలో శవం ఇంటికి రావడం ఒక దారి, డబ్బు రావడం ఇంకో దారి. మొదటిదానికి అక్కడి పోలీసు క్లియరెన్సు, మరణ ధ్రువపత్రం, ఎంబసీ అనుమతి కావాలి. విమానాశ్రయం నుంచి ఊరికి ఏపీఎన్ఆర్టీ సొసైటీ (ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) ఉచిత అంబులెన్సు పంపుతుంది. కువైట్ విమానాలు ఎక్కువగా చెన్నైకే కాబట్టి అక్కడి నుంచి రేణిగుంట మీదుగా రాజంపేట దాకా ఆ బండిలోనే.

డబ్బు దారి అప్పుడే మొదలవుతుంది. కువైట్‌లో, యూఏఈలో నష్టపరిహారం దావాకు సాధారణ గడువు నష్టం తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. అక్కడ ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి, వారసులెవరో చూపించాలి. ఆ కాగితాల మీద మన విదేశాంగ శాఖ ముద్ర, తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర పడాలి. సౌదీ 2022లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి దానికి ఒక్క అపోస్టిల్, అంటే ఆ ఒప్పందంలోని దేశాలన్నిటా చెల్లే ముద్ర, చాలు.

అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం పేరు దగ్గర జరుగుతుంది. పాస్‌పోర్టులో వెంకటసుబ్బయ్య. ఆధార్‌లో వెంకట సుబ్బయ్య, ముందు ఇంటిపేరు పొడి అక్షరం. కువైట్ మరణ పత్రంలో, ఇంగ్లీషు V కి సరిపోయే అక్షరం అరబ్బీలో లేదు కాబట్టి, ఫెంకట్. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఆధార్‌ను చూసి రాసింది. కువైట్‌లోని లాయర్ దాన్ని వెనక్కి పంపుతాడు. మళ్లీ సచివాలయం, మళ్లీ అర్జీ, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, మళ్లీ ఢిల్లీ ముద్రలు. మూడేళ్ల గడువులో ఇదంతా కూడా లెక్కకు వస్తుంది.